శనివారం కార్యక్రమం: హాలు ఇవ్వనంటున్నారు, అందరూ వెంటనే చూడండి

సుజాత (డల్లాస్): అందరికీ నమస్కారం. 13వ తేదీ శనివారం విశాఖలో మన కార్యక్రమానికి ఎక్కువ టైమ్ లేదు. మిగిలినవి: బ్యానర్లు, మైకు, అతిథులకు శాలువాలు, 200 బియ్యం కిట్లు, మధ్యాహ్నం ఆహార భద్రతపై చర్చ. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రాత్రికల్లా రాయండి.

రమణ (ఎంవీపీ కాలనీ): సుజాత గారూ, ముందు ఇది చూడండి. హాలువాళ్లు ఇందాకే ఫోన్ చేశారు. కిట్లు పంచేటట్టయితే ఇవ్వరట. సాయంత్రం రిసెప్షన్ ఉంది, గేటు దగ్గర జనం క్యూ కడితే బాగోదంటున్నారు. రిసెప్షన్‌లో మిగిలిన భోజనం కేజీహెచ్ (పెద్దాసుపత్రి) దగ్గర రోగుల బంధువులకు ఇద్దామనుకున్నాం కదా, దానికీ కేటరర్ వెనకాడుతున్నాడు. తిన్నవాళ్లకు ఏమైనా అయితే తన మీదకు వస్తుందని భయం.

కిరణ్ (న్యూజెర్సీ): అడ్వాన్స్ తీసుకుని ఇప్పుడు కుదరదంటే ఎలా? మీరు గట్టిగా అడగలేదా? ఇక్కడ 1996 నుంచి చట్టమే ఉంది, మంచి ఉద్దేశంతో ఆహారం ఇచ్చినవాళ్లకు రక్షణ ఉంటుంది. ఆ కేటరర్‌కి ఎవరో ఒకరు చెప్పాల్సింది.

రమణ: అమెరికా చట్టం ఇక్కడి కేటరర్‌కి ఏం ధైర్యమిస్తుంది బాబూ? మిగులు ఆహారం పంపిణీకి మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం చేయాలంటే నిల్వకు ఏర్పాట్లుండాలి, లేబుల్ వేయాలి. మన దగ్గర వ్యాన్ కూడా లేదు. గేటు దగ్గర నిలబడి మాటలు పడుతున్నది నేను. ఫోన్‌లో గట్టిగా అడగమనడం తేలిక.

కిరణ్: డబ్బిచ్చినవాళ్లకు జవాబు చెప్పాల్సింది నేను కదండీ.

పార్వతి (గాజువాక): ఇద్దరూ కాస్త ఆగండి. హాలు పోతే పోనీండి. మనం పిలిచినవాళ్లను ఇంకొకరు గేటు బయట ఎండలో నిలబెట్టడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. కిట్లు పెద జాలారిపేటలో ఇళ్లకే చేర్చడానికి మా డ్వాక్రా గ్రూపువాళ్లు వస్తామన్నారు.

ఇంకో మాట. కిట్టులో బియ్యం ఎన్నాళ్లు వస్తుంది? ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కార్డుంటే మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డైతే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి అదీ ఉచితం. మా వీధిలో ఒడిశా నుంచి పనికొచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ల ఊరి కార్డుతోనే ఇక్కడి రేషన్ డిపోలో బియ్యం తీసుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, బయట కొనుక్కుంటున్నారు. వేలిముద్ర పడక ఖాళీ సంచితో తిరిగి వెళ్తున్న ముసలమ్మ ఉంది. ఇళ్లకు వచ్చే రేషన్ బండ్లు 2025 జూన్‌లో ఆగిపోయినా, 65 దాటినవాళ్లకు ఇంటికే ఇవ్వాలి కదా. ఆమె పేరు ఆ లిస్టులో ఉందో లేదో చూసే మనిషి లేడు.

సుజాత: మరి చర్చకు ఒప్పుకున్న పెద్దాయన? సివిల్ సప్లైస్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఏం చెప్పాలి?

పార్వతి: డిపో పక్కన టేబుల్ వేసి కూర్చోబెడదాం. ఉపన్యాసం కంటే ఆయన ఒక్కో కార్డు చూసి ఏం చేయాలో చెప్తే మేలు. డిపోలు 15 వరకే తెరుస్తారు, శనివారం దాటితే ఇక రెండు రోజులే ఉంటాయి.

కిరణ్: పార్వతక్కా, ఇది బాగుంది. రమణ గారూ, డోనర్లతో నేను మాట్లాడతాను, మీరు దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. కానీ కేజీహెచ్ దగ్గర ఆ రాత్రి భోజనం సంగతి? కార్డు పని తేలేదాకా ఆకలి ఆగదు.

రమణ: నిజమే బాబూ. అడ్వాన్స్ తిరిగిస్తామన్నారు. ఆ డబ్బుతో అప్పటికప్పుడు పులిహోర, పెరుగన్నం వండించి వేడిగా ఉండగానే పంచేద్దాం. డబ్బు ఏమైనా మిగిలితే అన్న క్యాంటీన్లకు విరాళంగా ఇద్దాం. 5 రూపాయలకు అన్నం పెట్టే చోటు 2019లో మూతపడి 2024 ఆగస్టు దాకా తెరుచుకోలేదు. రోజుకూలీకి అది చిన్న సంగతి కాదు. ఎవరి ప్రభుత్వం ఉన్నా అలాంటివి మూతపడకూడదని పెద్దాయన చేత రాయించి కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దాం.

సుజాత: ఒడియా మాట్లాడేవాళ్లు ఒకరు కావాలి. ఎవరైనా ఉన్నారా?

పార్వతి: మా పక్కింటి అమ్మాయిది బరంపురం, వస్తుంది. ఉదయం ఎనిమిదింటికి డిపో దగ్గర కలుద్దాం. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తెచ్చుకోమని వీధిలో ఈ రాత్రే చెప్తున్నాను. ఒకరు కుర్చీలు తేవాలి.

రమణ: కుర్చీలు, టేబుల్ నావి.