ఉబుంటు 22.04 నుంచి 24.04కి: బయటి రిపోలను ముందే తీసేయాలా, అలాగే వదిలేయాలా?

ద్వారకానగర్_ల్యాబ్

నమస్తే అండి. ద్వారకానగర్‌లోని మా ట్రైనింగ్ సెంటర్ సర్వర్ ఉబుంటు 22.04 మీద నడుస్తోంది, 24.04కి మార్చాలి. ఉబుంటువి కాని రిపోలు (ప్యాకేజీలు దించుకునే మూలాలు) ఆరున్నాయి: డాకర్, పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్ కోసం పీజీడీజీ, పీహెచ్‌పీ 8.1 కోసం ఒండ్రెజ్ పీపీఏ (ఒక డెవలపర్ సొంతంగా నడిపే రిపో), పైథాన్ 3.11 కోసం డెడ్‌స్నేక్స్, నోడ్.జేఎస్ కోసం నోడ్‌సోర్స్, గ్రాఫిక్స్ కార్డు కోసం ఎన్విడియా కుడా. అప్‌గ్రేడ్ టూల్ వీటిని తనే ఆపేస్తుందని చదివాను. అయితే నేనేమీ ముట్టుకోనక్కర్లేదా? మెషీన్‌కి మానిటర్ లేదు, పనంతా వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లోనే.

మధురవాడ_అడ్మిన్

ఆపేస్తుంది, నిజమే. కానీ ఆపేది రిపోని మాత్రమే. దాన్లోంచి వచ్చిన ప్యాకేజీలు సిస్టమ్‌లో అలాగే కూర్చుంటాయి. చిక్కంతా వాటితోనే.

మీ ఆరింటిలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పీహెచ్‌పీ పీపీఏ. అది పీహెచ్‌పీతో ఆగదు, లిబ్‌పీసీఆర్‌ఈ2 లాంటి లైబ్రరీలను కూడా తన సొంత వెర్షన్లతో మార్చేస్తుంది. మీ మెషీన్‌లో «ఆప్ట్ పాలసీ లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0» కొట్టి చూడండి. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్ చివర్లో సురీ అనే పేరు కనిపిస్తే అది పీపీఏ నుంచి వచ్చినట్టే. ఇలాంటి లైబ్రరీల మీద వేరే ప్యాకేజీలు కూడా ఆధారపడి ఉంటాయి. వెర్షన్లు పొసగకపోతే టూల్ «అప్‌గ్రేడ్ లెక్క కుదరలేదు» అని ఆగిపోతుంది, లేదా మీకు కావాల్సినవాటిని తీసేస్తానంటుంది. తీసేసే ప్యాకేజీల జాబితా చూపించి ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు పూర్తిగా చదవకుండా వై కొట్టకండి.

అందుకే ఆ పీపీఏకి ముందే «పీపీఏ-పర్జ్» నడపండి. రిపోని తీసేసి, దాన్లోంచి వచ్చినవాటిని జామీ (22.04 పేరు) వెర్షన్లకు దించుతుంది. 22.04 సొంత పీహెచ్‌పీ కూడా 8.1 కాబట్టి సైట్ నడుస్తూనే ఉంటుంది. అయితే ఉబుంటులో అదే పేరుతో లేని ఎక్స్‌టెన్షన్లు ఎగిరిపోవచ్చు. పర్జ్‌కి ముందే పీహెచ్‌పీ8.1తో మొదలయ్యే ప్యాకేజీల జాబితా, /ఈటీసీ/పీహెచ్‌పీ ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకోండి. 24.04లో వచ్చేది 8.3. మీ కోడ్‌కి 8.1 తప్పదంటే అప్‌గ్రేడ్ అయ్యాక పీపీఏని మళ్లీ చేర్చుకోవాలి.

డెడ్‌స్నేక్స్ విషయంలో ఒక్కటి చూడండి. /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అనే లింక్ పైథాన్3.10 వైపే ఉందా? ఎవరైనా అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో దాన్ని 3.11కి తిప్పి ఉంటే, పైథాన్ ఇన్‌స్టాలేషన్ పాడైంది అని చెప్పి టూల్ మొదట్లోనే ఆగిపోతుంది. ఆ టూల్ నడిచేదే సిస్టమ్ పైథాన్ మీద. 24.04లో అది 3.12 అవుతుంది కాబట్టి 3.10తో కట్టిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు పనిచేయవు. ముందే పిప్ ఫ్రీజ్ (వాటిలోని ప్యాకేజీల జాబితా) తీసుకోండి.

మిగతా రిపోల్లో రిలీజ్ పేరు ఎక్కడుందో చూసుకుంటే సగం పని తేలిపోతుంది. డాకర్ లైన్‌లో జామీ అని విడిగా ఉంటుంది, దాన్ని నోబుల్ (24.04 పేరు) చేయాలి. పీజీడీజీలో జామీ-పీజీడీజీ ఉంటే నోబుల్-పీజీడీజీ. నోడ్‌సోర్స్ కొత్త పద్ధతిలో నోడిస్ట్రో అని ఉంటుంది, మళ్లీ ఆన్ చేస్తే చాలు. చాలాకాలం కిందట పెట్టిందైతే అందులోనూ జామీ ఉండొచ్చు. కుడా రిపోలో మాత్రం జామీ అనే మాటే కనిపించదు. రిలీజ్ నంబరు యూఆర్‌ఎల్‌లోనే ఉబుంటు2204 అని ఉంటుంది. సెడ్ కమాండ్‌తో అన్ని ఫైళ్లలో జామీని నోబుల్‌గా మార్చేసినవాళ్లకు ఇదొక్కటే పాతదానికి అతుక్కుని ఉండిపోతుంది.

ఎన్విడియా డ్రైవర్ కూడా ఆ రిపో నుంచే వచ్చి ఉంటే అప్‌గ్రేడ్‌కి ముందే తీసేయడం నయం. 24.04 కెర్నల్ 6.8. పాత డ్రైవర్‌ని డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడు డ్రైవర్‌ని మళ్లీ కట్టే టూల్) దాని మీద కట్టలేకపోతే అప్‌గ్రేడ్ మధ్యలో ఎర్రర్లు వస్తాయి. మానిటర్ లేని మెషీన్ కాబట్టి కాసేపు డ్రైవర్ లేకపోయినా నష్టం లేదు. తర్వాత 24.04 కీరింగ్ ప్యాకేజీ (ఆ రిపో కీ ఉండేది) వేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి.

మొదలుపెట్టేటప్పుడు వరస ఇదీ. /ఈటీసీ/ఆప్ట్ మొత్తాన్ని టార్ చేసి వేరే మెషీన్‌లో పెట్టండి. ఆప్ట్ అప్‌డేట్, ఫుల్-అప్‌గ్రేడ్, రీబూట్. «ఆప్ట్-మార్క్ షోహోల్డ్» ఖాళీగా రావాలి, హోల్డ్‌లో (వెర్షన్ మారకుండా ఆపి) ఏదైనా ఉంటే విడిపించండి. «ప్రో సెక్యూరిటీ-స్టేటస్ --థర్డ్‌పార్టీ» బయటి ప్యాకేజీలన్నీ చూపిస్తుంది. మీరు ఆరు రిపోలంటున్నారు గానీ, మరిచిపోయిన ఏడోది అక్కడ బయటపడొచ్చు. ఆ తర్వాతే డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ (మనం చెప్పుకున్న అప్‌గ్రేడ్ టూల్ ఇదే).

ఎస్‌ఎస్‌హెచ్‌లో చేస్తే టూల్ 1022 పోర్టు మీద ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ తెరుస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుని ముందే మీ ఐపీకి మాత్రం తెరవండి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ప్యాకేజీలు విప్పుతుండగా కరెంట్ పోతే యూపీఎస్ ఎంతసేపు ఆదుకుంటుందో మనకి తెలిసిందే. అలా జరిగితే పైకి వచ్చాక మొదట «డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ» కొట్టండి, సగంలో ఆగిన ప్యాకేజీలను అది పూర్తి చేస్తుంది.

గాజువాక_డీబీ

పోస్ట్‌గ్రెస్ గురించి నేను చెబుతాను. డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీయకుండా మొదలుపెట్టొద్దు, అది కాపీ చేయాల్సింది కూడా ఆ సర్వర్ బయటికి.

మీ దగ్గర నంబరు లేని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్యాకేజీ ఉంటే, అప్‌గ్రేడ్‌లో 24.04 తాలూకు వెర్షన్ 16 కూడా వచ్చి, 5433 పోర్టులో ఖాళీ క్లస్టర్ (విడిగా నడిచే డేటాబేస్ సర్వర్) తయారవుతుంది. «పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్» కొడితే రెండూ కనిపిస్తాయి. మీ డేటా 14లోనే ఉంటుంది, కంగారుపడి ఏ క్లస్టర్‌నీ డ్రాప్ చేయకండి.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది. సిస్టమ్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.35 నుంచి 2.39కి మారుతుంది. టెక్స్ట్ కాలమ్‌ల వరస ఆ లైబ్రరీ నియమాల ప్రకారం ఉంటుంది. నియమం మారితే పాత ఇండెక్స్‌లో వరస తప్పి, ఉన్న రో దొరకకపోవడం, యూనిక్ ఇండెక్స్‌లో డూప్లికేట్లు చేరడం జరుగుతాయి. వెర్షన్ 15 నుంచి డేటాబేస్ కొలేషన్ (ఆ వరస నియమం) తేడా ఉందని హెచ్చరిక వస్తుంది. మీది 14 కాబట్టి డిఫాల్ట్ కొలేషన్‌కి ఏమీ రాదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సర్వీసు తెరవకముందే డేటాబేస్ మొత్తానికి రీఇండెక్స్ చేయండి. 14కి సపోర్ట్ 2026 నవంబరుతో ముగుస్తుంది. ఎలాగూ సర్వర్ ఆపుతున్నారు కదా, డంప్‌ని నేరుగా 16లోకి ఎక్కించేస్తే ఇండెక్సులు కొత్తగా తయారై ఈ గొడవే ఉండదు.

ద్వారకానగర్_ల్యాబ్

చాలా థాంక్స్ అండి. --అలౌ-థర్డ్-పార్టీ అనే ఆప్షన్ ఉందిగా, రిపోలను ఆపకుండానే అప్‌గ్రేడ్ చేసేది, అది పెడితే ఇంత శ్రమ తప్పుతుంది కదా? మళ్లీ ఆన్ చేసేటప్పుడు కీల (రిపో సంతకాన్ని సరిచూసేవి) విషయంలో ఏమైనా చూడాలా?

మధురవాడ_అడ్మిన్

మీ కేసులో వద్దండి. మన చేతిలో ఉన్న సొంత మిర్రర్‌కి, రెండు రిలీజ్‌లకీ ప్యాకేజీలు సిద్ధంగా ఉన్నాయని తెలిసినప్పుడు అది పనికొస్తుంది. ఇక్కడ ఆరూ ఆరు రకాలు.

మళ్లీ ఆన్ చేసేటప్పుడు ఒక్కొక్కటిగా చేయండి, ప్రతిదాని తర్వాత ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. టూల్ ఆపేసిన రిపోల లిస్ట్ ఫైళ్లలో లైన్ ముందు హ్యాష్ పెట్టి ఉంటుంది. సోర్సెస్ ఫైళ్లలో ఎనేబుల్డ్ ఎదురుగా నో ఉంటుంది. 404 వచ్చి, రిలీజ్ ఫైల్ లేదంటే ఆ రిపోలో నోబుల్ లేదన్నమాట. అప్పుడు జామీ రిపోనే తగిలించి లాగించకండి, ఆ ప్యాకేజీకి వేరే దారి చూడండి.

పాత ఆప్ట్-కీ పద్ధతిలో చేర్చిన కీలను /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్‌లోకి మార్చి, రిపో లైన్‌లో సైన్డ్-బై ఇవ్వండి. కీ ఫైల్ పర్మిషన్ 644 ఉండాలి, లేకపోతే ఆప్ట్ దాన్ని చదవలేక సంతకం సరిచూడలేకపోయానంటుంది. సైన్డ్-బై విలువలు పొసగడం లేదని ఎర్రర్ వస్తే ఒకే రిపోకి లిస్ట్ ఫైల్ ఒకటి, సోర్సెస్ ఫైల్ ఒకటి ఉన్నట్టు. పాతది తీసేయండి. పీపీఏకి 1024 బిట్ కీ బలహీనం అనే హెచ్చరిక వస్తే దాన్ని తీసేసి మళ్లీ చేర్చండి, కొత్త కీ వస్తుంది.

అన్నీ అయ్యాక «ఆప్ట్ లిస్ట్ '?అబ్సొలీట్'» కొట్టండి. ఇప్పుడున్న ఏ రిపోలోనూ లేని ప్యాకేజీలు అందులో వస్తాయి, వాటికిక సెక్యూరిటీ అప్‌డేట్లు అందవు. డాకర్ వెర్షన్ చివర ఇంకా జామీ అని ఉందంటే దాని రిపో ఆన్ కానట్టే.