బోర్డు షార్టులకూ గోడ చెమ్మకూ థర్మల్ కెమెరా: ఫోన్‌కి తగిలించేదా, విడిగా ఉండేదా?

బోర్డు_దోస్త్:
నమస్తే అన్నలూ. 30 వేల లోపు థర్మల్ కెమెరా కోసం చూస్తున్నా. ముఖ్యంగా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డుల్లో షార్ట్ అయిన కెపాసిటర్ పట్టుకోవాలి. దాంతోపాటు నిజాంపేట ఫ్లాట్‌లో బాత్రూమ్ వెనక గోడకి వస్తున్న చెమ్మ సంగతి తేల్చాలి, వీలైతే డీబీ బాక్స్ (ఇంటి ఎంసీబీ స్విచ్‌లుండే కరెంట్ పెట్టె) కూడా చూడాలి. ఫోన్ ఆండ్రాయిడ్, టైప్-సీ. 160×120 పిక్సెళ్లకీ 256×192కీ తేడా నిజంగా కనిపిస్తుందా? అవన్నీ ఎందుకు, ఎంఎల్ఎక్స్90640 థర్మల్ సెన్సార్ తెచ్చి ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకి కలిపేస్తే చాలదా?

రాగి_తీగ:
ముందు ఆ సెన్సార్ మాట. దానికి ఉన్నవి 32×24 పిక్సెళ్లే. 55 డిగ్రీల రకం తీసుకున్నా, పావు మీటరు దూరంలో ఒక్కో పిక్సెల్ 8 మి.మీ. మేర చూస్తుంది. బోర్డు మీద ఉండే 0402 సైజు కెపాసిటర్ పొడవు 1 మి.మీ. ఇక మీరే చూసుకోండి. నేర్చుకోవడానికి మంచి ప్రాజెక్టే, రిపేర్‌కి మాత్రం కాదు.

బోర్డు పనే ముఖ్యమైతే ఫోన్‌కి తగిలించే 256×192 రకమే తీసుకోండి. టాప్‌డాన్ టీసీ001, ఇన్ఫీరే పీ2 ప్రో ఈ కోవలోవి. రెండూ 25 హెర్ట్జ్, అంటే సెకనుకి 25 ఫ్రేములు. ఫ్లిర్ వన్ ప్రో 160×120, దాదాపు 9 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. అది అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల పెట్టిన హద్దు, సెన్సార్ చేతకానితనం కాదు. ఫ్లిర్‌లో మామూలు కెమెరా గీతల్ని థర్మల్ బొమ్మ మీద అచ్చువేసే పద్ధతి ఉంది కాబట్టి బొమ్మ పదునుగా కనిపిస్తుంది. కానీ వేడి సమాచారం మాత్రం ఆ 160×120దే. పెట్టె మీద రాసే "512×384 సూపర్ రిజల్యూషన్" కూడా సాఫ్ట్‌వేర్ సాగదీసిందే, దానికి డబ్బు కట్టొద్దు.

దగ్గరి ఫోకస్ దగ్గరే అసలు చిక్కు. మాక్రో లెన్స్ (బాగా దగ్గరి వస్తువుల కోసం వాడేది) లేనివి 20–30 సెం.మీ. కంటే దగ్గరికి తెస్తే మసకబారతాయి. పీ2 ప్రోకి అయస్కాంతంతో అతుక్కునే మాక్రో లెన్స్ దొరుకుతుంది. మిగతావాటికి లేజర్ కటింగ్ మెషీన్లలో వాడే జింక్ సెలినైడ్ లెన్స్ పెట్టుకోవచ్చు. 50.8 మి.మీ. ఫోకల్ దూరం ఉన్నది తీసుకుంటే బోర్డు లెన్స్‌కి సుమారు 5 సెం.మీ. దూరంలో ఉండాలి. అది పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. పగిలితే ఆ పొడి విషం, చేత్తో ఊడ్చొద్దు. మామూలు గాజు లెన్స్ పనికిరాదు, ఈ 8–14 మైక్రాన్ల కిరణాలకి గాజు గోడతో సమానం.

షార్ట్ వెతికే పద్ధతి: బ్యాటరీ, ఛార్జర్ తీసేయండి. బెంచ్ సప్లైని (వోల్టేజి, కరెంట్ సెట్ చేసుకునే పవర్ సప్లై) 1 వోల్ట్, 1 ఆంపియర్‌కి కట్టేసి షార్ట్ అయిన రైల్ (బోర్డులో ఒక వోల్టేజి మోసే లైను) మీద ఇవ్వండి. వేడి కనబడకపోతే కరెంట్‌ని 2–3 ఆంపియర్ల దాకా మెల్లగా పెంచండి. వోల్టేజి ఆ రైల్ అసలు వోల్టేజి దాటకూడదు. సీపీయూ కోర్ రైల్‌కి రెసిస్టెన్స్ మామూలుగానే చాలా తక్కువ, దాన్ని షార్ట్ అనుకుని కరెంట్ ఎక్కిస్తే ప్రాసెసర్ పోవచ్చు. వేడెక్కింది కదా అని కెపాసిటర్‌ని వెంటనే పీకేయకండి, మాస్‌ఫెట్ (కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) లోపలే షార్ట్ అయి ఉండొచ్చు.

డీబీ_బాక్స్:
రాగి_తీగ గారు చెప్పింది బెంచ్ వరకు నిజం. గోడలకీ డీబీకీ మాత్రం విడి కెమెరానే హాయి. హైక్‌మైక్రో బీ10 కూడా 256×192నే, ట్రిగ్గర్ నొక్కితే ఫొటో. ఫోన్‌కి తగిలించేవాటిలో బ్యాటరీ ఉంటే దాన్ని విడిగా ఛార్జ్ చేయాలి (ఫ్లిర్ వన్ ప్రోలో గంట మించి రాదు), లేకపోతే ఫోన్‌ది తాగుతుంది. కొన్ని ఫోన్లలో ఓటీజీ (బయటి పరికరాన్ని ఫోన్‌కి కలిపి నడిపే సదుపాయం) కొద్ది నిమిషాలకే తనంతట తనే ఆగిపోతుంది. ఫోన్ కవర్ మందంగా ఉంటే టైప్-సీ పిన్ పూర్తిగా దిగదు, ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ దగ్గర పెట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం మేడ మీద ఎండకి ఫోన్ స్క్రీనే మసకబారుతుంది. ఇంకొకటి, యాప్‌కి అప్‌డేట్లు ఆగితే కెమెరా కూడా పక్కన పడాల్సిందే. టీసీ001, పీ2 ప్రో లాంటివి మాత్రం కంప్యూటర్‌కి వెబ్‌క్యామ్‌లా కనబడతాయి. 256×384 ఫ్రేమ్‌లో పై సగం బొమ్మ, కింది సగం ఉష్ణోగ్రతల అంకెలు. యాప్ పోయినా లినక్స్‌లో నడుపుకోవచ్చు.

డీబీ విషయంలో ప్లాస్టిక్ తలుపులోంచి ఏమీ కనబడదు. తలుపు, లోపలి మూత తీయాల్సిందే, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. గీజర్, ఏసీ అరగంట నడిచాక చూడండి. లోడ్ సగమైతే వదులు స్క్రూ దగ్గర పుట్టే వేడి పావు వంతుకి పడిపోతుంది, ఖాళీ లోడ్ మీద చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఒకే లోడ్ మోస్తున్న రెండు ఎంసీబీల మధ్య 15 డిగ్రీలు మించి తేడా ఉంటే ఆలస్యం చేయకండి.

బోర్డు_దోస్త్:
థాంక్స్ అన్నా. గోడ సంగతి? కెమెరాలో నీళ్లు నేరుగా కనిపిస్తాయా?

చెమ్మ_వేట:
నీళ్లు కనిపించవు, వేడి తేడా ఒక్కటే కనిపిస్తుంది. లోపలి గోడ మీద తడి ఉన్నచోట నీరు ఆవిరవుతూ చల్లబడి ముదురు మచ్చలా వస్తుంది. జులై, ఆగస్టులో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. అప్పుడు గోడ మీదికి టేబుల్ ఫ్యాన్ ఓ 20 నిమిషాలు తిప్పి చూడండి. మేడ స్లాబ్ మీద కథ తిరగబడుతుంది. పగలంతా ఎండ తిన్న తడి భాగం పొద్దుగూకాక ఆలస్యంగా చల్లారుతుంది, అందుకే వెచ్చగా కనబడుతుంది.

మీ బాత్రూమ్‌కైతే గీజర్ వేసి వేడినీళ్ల కుళాయి ఐదు పది నిమిషాలు వదలండి, గోడలో పైపు దారి గీసినట్టు తేలుతుంది. గీత ఒకచోట ఉబ్బి వెడల్పుగా పరుచుకుంటే అక్కడ అనుమానించండి. లీకు చన్నీళ్ల పైపులోనో, ఫ్లోర్ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) దగ్గరో అయితే ఇది పట్టదు. దానికి నేల మీద నీళ్లు 24 గంటలు నిలబెట్టి చూసే పాత పద్ధతే. ఎలాగూ పగలగొట్టే ముందు పిన్ మాయిశ్చర్ మీటర్‌తో రూఢి చేసుకోండి. నున్నటి టైల్స్ మీద మీ ఒంటి వేడే అద్దంలోలా కనబడుతుంది. పక్కకి రెండడుగులు వేయండి, మచ్చ కూడా కదిలితే అది మీరే.

లోహాలతో కూడా ఇదే తంటా. స్టీలు గిన్నె మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి నీళ్లు మరిగించండి. ఎమిసివిటీ (ఉపరితలం వేడి కిరణాల్ని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టుకుని టేప్‌ని చూస్తే 95 పైన చూపుతుంది. పక్కనే మెరిసే స్టీలు దానికి ఎంతో తక్కువ చూపుతుంది, రెండూ ఒకే వేడిలో ఉన్నా సరే. బోర్డు మీద మెరిసే షీల్డులకీ టంకానికీ కూడా ఇంతే, వైట్‌నర్ చుక్క పెట్టి కొలవండి.

కొత్త కెమెరా సరిగా ఉందో లేదో తేల్చడానికి కూడా ఇదే గిన్నె చాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తు, ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి, 100 కోసం చూడకండి. ఆవిరి లెన్స్‌కి తగలకుండా పక్క నుంచి చూడాలి. రెండో కొస కోసం ఐస్ ముక్కలు చితక్కొట్టి నీళ్లలో వేసి కలిపి చూడండి, సున్నా దగ్గర రావాలి. ఆన్ చేసి పది నిమిషాలు ఆగాకే కొలవండి, మధ్యమధ్యలో వచ్చే టిక్ శబ్దం షటర్ తనని తాను సర్దుకోవడం. ఈ తరగతి కెమెరాల్లో రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. పది డిగ్రీలు తప్పితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపండి. జీఎస్టీ బిల్లు, భారత్‌లో వారంటీ లేని దిగుమతి సరుకైతే అసలు ఆర్డరే పెట్టకండి.

రాగి_తీగ:
గిన్నె పరీక్ష మాక్రో లెన్స్ తీసేసి చేయండి. లెన్స్ ఉంటే అంకె కాస్త మారుతుంది, షార్ట్ వెతకడానికైతే దానితో నష్టం లేదు.