పాత తెలుగు పత్రికల సైట్లు వేబ్యాక్‌లో పిచ్చి గీతలుగా వస్తున్నాయి, పాఠం రాబట్టేదెలా?

గూటిలో_గువ్వ:
2000–2008 మధ్య తెలుగు వార్తా సైట్ల భాష మీద పరిశోధన. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పేజీలు ఉన్నాయి గానీ, తెలుగుకు బదులు నెత్తిన చుక్కలున్న రోమన్ అక్షరాలు, కరెన్సీ గుర్తులు కనబడుతున్నాయి. జాబితా అంతా ఒకేసారి ఎలా లాగాలి? యూనికోడ్‌లోకి ఎలా మార్చాలి? ఏ ఏడు ఎన్ని పేజీలున్నాయో లెక్కగట్టి సైటు పెరుగుదల చూపించొచ్చా? పైథాన్ కాస్త వచ్చు.

పాతపుటలు:
చివరిదానికి ముందు చెప్తాను: వద్దు. ఆ అంకెలు క్రాలర్ (పేజీల నకళ్లు తీసుకెళ్లే ప్రోగ్రామ్) ఎన్నిసార్లు వచ్చిపోయిందో చెప్తాయి, సైటు ఎంత పెరిగిందో కాదు. గ్రాఫ్ గీస్తే చూడ్డానికి బావుంటుంది, వైవాలో నిలబడదు.

జాబితాకు, వేబ్యాక్ దాచిన పేజీల సూచిక ఇచ్చే సీడీఎక్స్ సర్వర్‌ని అడగండి. మ్యాచ్‌టైప్ దగ్గర డొమైన్ అని, ఫ్రమ్, టు దగ్గర ఏళ్లు, ఫిల్టర్లలో స్టేటస్ 200 (పేజీ సరిగ్గా అందిందని), రకం టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్ అని ఇవ్వండి. డైజెస్ట్ (పేజీలోని విషయాన్ని బట్టి లెక్కగట్టిన గుర్తు) మీద కొలాప్స్ (ఒకేలా ఉన్న వరుసల్ని కలిపేసేది) పెడితే ఒకే పేజీ నకళ్లు తగ్గుతాయి. అయితే అది పక్కపక్క వరుసల్నే పోలుస్తుంది, పైగా పేజీలో తేదీయో సందర్శకుల లెక్కో మారితే డైజెస్ట్ కూడా మారుతుంది. పూర్తిగా నమ్మకండి.

దించేటప్పుడు చిరునామాలోని 14 అంకెల టైమ్‌స్టాంప్ వెనక ఐ, డి, అండర్‌స్కోర్ తగిలించండి. అలా చేస్తే వేబ్యాక్ పైపట్టీ, మార్చిన లింకులు లేకుండా అసలు ఫైలే వస్తుంది. ఆ టైమ్‌స్టాంప్‌లోని సమయం యూటీసీ, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మన తెల్లవారుజాము పేజీ ముందురోజు తేదీతో కనబడుతుంది. రిక్వెస్టుల మధ్య కొన్ని సెకన్లు ఆగండి, 429 (మరీ ఎక్కువసార్లు అడిగారనే జవాబు) వస్తే ఇంకాసేపు ఆగండి.

వత్తుల_వెంకన్న:
ఫాంట్ సంగతి. అప్పట్లో చాలా పత్రికలు యూనికోడ్ వాడలేదు. రోమన్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ముక్కల బొమ్మలు కూర్చి, ఆ ఫాంట్‌ని పేజీతోపాటే పంపేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఈవోటీ, నెట్‌స్కేప్‌కి పీఎఫ్‌ఆర్ అనే రకం ఫాంట్ ఫైళ్లు. ఫాంట్ అందకపోతే మిగిలేది మీరు చూస్తున్న గీతలే. సీడీఎక్స్‌లో ఈవోటీతో ముగిసే చిరునామాలు వెతకండి, ఒక్కోసారి దొరుకుతుంది.

ఏ కోడ్‌కి ఏ తెలుగు అక్షరమో చెప్పే పట్టిక మొదట్నుంచీ రాయక్కర్లేదు. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఈనాడు లాంటి పత్రికల ఫాంట్‌లను మార్చేది. 2017 చివర్లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులను మానేశాక అది నడవదు, కానీ దాని కోడ్‌లోని పట్టికలు ఇప్పటికీ పనికొస్తాయి.

ఒక కోడ్‌కి ఒక అక్షరం అనుకుని మారిస్తే మాత్రం చెడుతుంది. తలకట్టు విడి ముక్క. కొన్ని ఫాంట్‌లలో మ అంటే వ లాంటి ముక్క, దాని వెనక కొమ్ము. అందుకే పొడవాటి జతల్ని ముందు పట్టుకోవాలి, లేకపోతే 'మన' కాస్తా 'వున' అవుతుంది. క్రావడి (ర వత్తు) కొన్నిట్లో హల్లుకు ముందే ఉంటుంది. 'ప్రజ' రావాలంటే దాన్ని ప వెనక్కి జరిపి ప, పొల్లు, ర, జ అన్న వరుసలో పెట్టాలి.

గూటిలో_గువ్వ:
పట్టిక పనిచేస్తోందండీ, థాంక్స్. కానీ కొన్ని అక్షరాలు ఎక్కడా లేకుండా మాయమవుతున్నాయి.

వత్తుల_వెంకన్న:
డీకోడింగ్ (ఫైలులోని బైట్లను అక్షరాలుగా చదవడం) చూసుకోండి. యూటీఎఫ్-8 అని చెప్పి ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ పెడితే 127 దాటినవి దాదాపు అన్నీ ఎగిరిపోతాయి. విండోస్-1252 పెడితే 129, 141, 143, 144, 157 దగ్గర పైథాన్ ఆగిపోతుంది. లాటిన్-1 పెట్టండి, 256 బైట్లూ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. 128–159 తెరమీద కనబడవు, కంగారొద్దు, లోపల ఉంటాయి.

ఆపైన స్ట్రిప్, స్ప్లిట్ వాడారేమో చూడండి. పైథాన్ లెక్కలో 133, 160 రెండూ ఖాళీలే, మింగేస్తుంది. అక్కడ ఫాంట్‌లో ఓ అక్షరం ఉందని దానికేం తెలుసు! మార్పిడి అయ్యాకే వాటిని వాడండి. ఎంటిటీలను (హెచ్‌టీఎంఎల్‌లో అక్షరం బదులు దాని అంకె రాసే గుర్తుల్ని) విప్పేటప్పుడు కూడా 150 లాంటిది గీతగా మారిపోతుంది, మళ్లీ 150కి తేవాలి. దించిన ఫైలును మాత్రం తాకకుండా విడిగా దాచుకోండి.

పాతపుటలు:
పోలికకి పాత ఇంటర్నెట్ చర్చావేదిక యూజ్‌నెట్‌లోని తెలుగు గుంపు పోస్టులు కూడా తీసుకుంటారేమో, అక్కడ చాలామంది తెలుగును రోమన్ అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్‌లో రాసేవారు. అందులో త అంటే చిన్నబడి టీ, ట అంటే పెద్దబడి టీ. శుభ్రం చేద్దామని అన్నీ చిన్నబడికి మారిస్తే 'పాట', 'పాత' ఒకటైపోతాయి. అవి మామూలు మనుషుల మాటలు కూడాను. వాక్యం యథాతథంగా అచ్చువేస్తే వెతికి మనిషిని పట్టేయొచ్చు. పేర్లు తీసేయడంతో సరిపెట్టకుండా ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పండి.