అమ్మానాన్న సిడ్నీ వెళ్తున్నారు, ఎక్కువ నడవకుండా ఏమేం చూడొచ్చు?

బ్రాడీపేట:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. అమ్మానాన్న డిసెంబరులో సిడ్నీలో మా అన్నయ్య దగ్గరికి వెళ్తున్నారు, ఇల్లు పర్రమట్టాలో. అన్నయ్యకీ వదినకీ వారమంతా ఆఫీసే, పగలు వీళ్లిద్దరే తిరగాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నేమో ఒక్కచోట కూర్చోరు. ఆన్‌లైన్‌లో క్రూయిజ్‌ల రేట్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది. పెద్దవాళ్లని తిప్పినవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక:
క్రూయిజ్ అసలొద్దండీ. సిటీలో ఫెర్రీలు ఎక్కే రేవు సర్క్యులర్ కీ నుంచి మ్యాన్లీ బీచ్ వైపుకి మామూలు ఫెర్రీ ఉంటుంది, దాదాపు అరగంట ప్రయాణం, బస్సెక్కినట్టే కార్డు ట్యాప్ చేసి ఎక్కేయడమే. మా అమ్మావాళ్లకి సిడ్నీ మొత్తంలో నచ్చింది అదే. వెళ్లేటప్పుడు బయట కుడివైపు కూర్చోమనండి, ఓపెరా హౌస్ ముందునుంచే పోతుంది, ఎడమవైపు హార్బర్ బ్రిడ్జి. ఆ ఓపెరా హౌస్ ఫోటోల్లో తెల్లగా ఉంటుంది కదా, దగ్గరికెళ్లి చూస్తే పైకప్పంతా చిన్న చిన్న టైల్స్, కొన్ని నిగనిగలాడే తెలుపు, కొన్ని మెరుపు లేని మీగడ రంగు, అన్నీ కలిపి పది లక్షల పైనే, అందుకే ఎండ మారేకొద్దీ దాని రంగూ మారుతుంది. హెడ్స్ అనే చోట సముద్రం తెరుచుకుంటుంది, అక్కడ అలలకి ఫెర్రీ బాగా ఊగొచ్చు, భవానీ ద్వీపం బోటులా ఉంటుందనుకుంటే అమ్మ కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి. మ్యాన్లీలో దిగాక బీచ్ దాకా కోర్సో అని చదునైన వీధి, దూరం తక్కువే, మోకాళ్లకి ఇబ్బంది ఉండదు. నాన్నగారు నీళ్లలో దిగుతానంటే మాత్రం ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి, ఇది గట్టిగా చెప్పండి.

అరండల్‌పేట:
ఫెర్రీకి నాదీ ఓటు. ఎవరి కార్డు వాళ్లకి ఉండాలండీ, ఒకే కార్డుతో ఇద్దరూ ఎక్కడం కుదరదు. బస్సు, రైలు, ఫెర్రీ అన్నిటికీ పనికొచ్చే ఓపల్ కార్డు తీసుకోండి, దిగేటప్పుడూ ట్యాప్ చేయడం మర్చిపోతే ఎక్కువ కట్ అవుతుంది. ఓపెరా హౌస్ పక్కనే రాయల్ బొటానిక్ గార్డెన్, 1816 నాటిది, టికెట్ లేదు. దాని చివర మిసెస్ మాక్వారీస్ చెయిర్ అనే రాతి బెంచీ దగ్గర నిలబడితే బ్రిడ్జి, ఓపెరా హౌస్ రెండూ ఒకే ఫోటోలో పడతాయి, కాకపోతే పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి పోతాడు, ఫోటోలో నల్లగా వస్తాయి. డిసెంబరంటే అక్కడ ఎండాకాలం. మన రోహిణి కార్తెలా ఉడికించదు గానీ చర్మం మాత్రం కమిలిపోతుంది, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

బ్రాడీపేట:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. నాన్న అప్పుడే గుడి ఎక్కడుందని అడుగుతున్నారు!

కృష్ణలంక:
హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉందండీ, సిడ్నీకి దక్షిణాన, దాదాపు గంట ప్రయాణం. శని, ఆదివారాల్లో అన్నయ్య కారులో వెళ్తే మంచిది, క్యాంటీన్‌లో దోసెలు దొరుకుతాయి. దర్శనం అయ్యాక వెంటనే వెనక్కి రావొద్దు, అక్కడికి దగ్గర్లోనే బాల్డ్ హిల్ ఉంది, కొండమీద నుంచి తీరమంతా కనిపిస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే సముద్రం మీదుగా వంపు తిరిగే సీ క్లిఫ్ బ్రిడ్జి, 665 మీటర్లు. బ్రిడ్జి మీద కారు ఆపకూడదు, అవతల పార్క్ చేసి ఫుట్‌పాత్ మీద నడవాలి. అమ్మ ఓపికున్నంత దూరం నడిచి ఆగిపోయినా సముద్రం కాళ్ల కిందే కనిపిస్తుంది.