వాంకోమైసిన్ ఎక్కిస్తుండగా ఒళ్లు ఎర్రబడింది: ఇక ఏ యాంటీబయోటిక్ వాడకూడదా?

ప్రశ్న: రోగి కుమార్తె, కర్నూలు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. కాలి పుండుకు చీము పట్టడంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. అక్కడ వాంకోమైసిన్ సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే ముఖం, మెడ, ఛాతీ పైభాగం కందిపోయి, విపరీతమైన దురద మొదలైంది. వెంటనే ఆపేసి ఎవిల్ (అలర్జీ లక్షణాలు తగ్గించే మందు) ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గిపోయింది. ఆయాసం రాలేదు. అయితే డిశ్చార్జి సమ్మరీలో మందు పేరు లేకుండా ‘యాంటీబయోటిక్స్ అలర్జీ’ అని మాత్రమే రాశారు. ఇప్పుడు హెర్నియా ఆపరేషన్ చేయవలసి ఉండగా, ఆ మాట చూసిన సర్జన్‌గారు ఏ మందు ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నారు. పైగా నాన్నగారికి చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని మా నాయనమ్మ అంటుండేవారట. ఆయనకు నిజంగా ఏ యాంటీబయోటిక్ పడదని అనుకోవాలా?

జవాబు: క్లినికల్ ఫార్మసిస్ట్

అలా అనుకోనక్కర్లేదండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది వాంకోమైసిన్‌ను వేగంగా ఎక్కించినప్పుడు వచ్చే ఇన్‌ఫ్యూజన్ రియాక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువ. అసలైన అలర్జీలో శరీరం ఆ మందుకు వ్యతిరేకంగా ముందే ఐజీఈ యాంటీబాడీలను తయారుచేసుకుని ఉంటుంది. ఇక్కడ వాటి ప్రమేయం లేకుండానే మందు నేరుగా మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల నుంచి దురద, ఎర్రదనం తెచ్చే హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. అందువల్ల మొదటి డోసులోనే రావచ్చు, వేగం తగ్గిస్తే చాలామందికి అదే మందును మళ్లీ ఇవ్వవచ్చు. ఎంత చిన్న డోసైనా కనీసం 60 నిమిషాలు పట్టాలి, నిమిషానికి 10 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ లెక్కన 1 గ్రాముకు 100 నిమిషాలు కావాలి.

వాంకోమైసిన్‌కు అరుదుగా నిజమైన అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయం కలిగించే తీవ్రమైన అలర్జీ) కూడా వస్తుంది కనుక కేసు షీటు చూడకుండా తేల్చి చెప్పలేము. మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత సెలైన్‌లో కలిపారు, ఎర్రబడినప్పుడు బీపీ ఎంత ఉంది అనే వివరాలతో నర్సింగ్ చార్టు నకలు అడిగి తీసుకోండి.

జవాబు: స్టాఫ్ నర్సు, విజయవాడ

ఇన్‌ఫ్యూజన్ పంపు లేని వార్డుల్లో మేము చుక్కలు లెక్కపెట్టే ఇస్తాము. 1 గ్రామును 250 మిల్లీలీటర్లలో కలిపి, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో 100 నిమిషాల్లో ఎక్కించాలంటే నిమిషానికి 50 చుక్కలు పడాలి. మేము పక్క మంచం దగ్గరికి వెళ్లగానే, సెలైన్ త్వరగా అయిపోవాలని రోగి తాలూకు వాళ్లే రోలరు పైకి జరిపేయడం తరచూ చూస్తుంటాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

సెఫ్ట్రియాక్సోన్ వంటి యాంటీబయోటిక్స్‌కు ముంజేతిపై వేసే టెస్ట్ డోస్ గురించి కూడా చెప్పాలి. అక్కడ పొక్కు రాకపోయినా అసలు డోసుకు రియాక్షన్ రాదన్న భరోసా లేదు. మొదటి డోసు పడుతున్నంతసేపూ రోగిని గమనిస్తూ ఉండటం, అడ్రినలిన్ చేతికి అందేలా ఉంచుకోవడం అంతకంటే ముఖ్యం.

జవాబు: జనరల్ మెడిసిన్ వైద్యుడు

పెన్సిలిన్ సంగతి చెబుతాను. తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పేవారిని పద్ధతి ప్రకారం పరీక్షించినప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ మందును ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. నిజంగా ఉన్నవారిలోనూ ఏళ్లు గడిచేకొద్దీ చాలామందికి అది పోతుంది. అయితే నాయనమ్మగారి మాటను కొట్టిపారేయకండి. అప్పుడు వచ్చింది వాంతులా, దద్దుర్లా, చర్మం ఊడిపోయిందా అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చర్మం ఊడిపోయి ఉంటే మాత్రం ఆ మందు జోలికి మళ్లీ వెళ్లకూడదు. ఆపరేషన్‌కు ముందు సాధారణంగా ఇచ్చే సెఫజోలిన్ రసాయన నిర్మాణంలోని సైడ్ చైన్ పెన్సిలిన్లకు భిన్నమైనది కనుక, పెన్సిలిన్ పడనివారిలోనూ చాలామందికి దాన్ని ఇవ్వవచ్చు. ‘యాంటీబయోటిక్స్ అలర్జీ’ అన్న రెండు మాటల వల్ల మంచి మందు పక్కకు పోయి, గాయానికి చీము పట్టే ముప్పు పెరగడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొక మాట. దద్దుర్లు కంటికి కనిపిస్తాయి, కిడ్నీ దెబ్బతినడం కనిపించదు. షుగర్ ఉన్నవారికి వాంకోమైసిన్ గానీ అమికాసిన్ అనే మరో యాంటీబయోటిక్ గానీ ఇస్తున్నప్పుడు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పక చేయించాలి. అమికాసిన్‌తో చెవిలో హోరు మొదలైతే వెంటనే చెప్పాలి, ఎందుకంటే దానివల్ల పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నర్సింగ్ చార్టు దొరికింది. 1 గ్రామును 100 మిల్లీలీటర్లలోనే కలిపారు, మొదలుపెట్టిన పావుగంటకే ఆపేశారు, అప్పటికి సీసా సగానికి పైగా అయిపోయిందని రాసి ఉంది. బీపీ మామూలుగానే ఉంది.

జవాబు: క్లినికల్ ఫార్మసిస్ట్

అయితే వేగమే కారణమని చాలావరకు చెప్పవచ్చు. ఈ కాగితం సర్జన్‌గారికి, మత్తు డాక్టరుగారికి చూపించి, ‘వాంకోమైసిన్ వేగంగా ఎక్కించినప్పుడు ఎర్రదనం, దురద, ఆయాసం లేదు, బీపీ పడలేదు’ అని కొత్త రికార్డులో రాయించండి. పాత సమ్మరీని సవరించమని ఆ ఆసుపత్రిని కూడా రాతపూర్వకంగా కోరండి. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమానికి ఇలాంటి రియాక్షన్లను రోగి కుటుంబ సభ్యులు కూడా తెలియజేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. మందు పేరు, డోసు, తేదీ, దొరికితే బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.