సాయం చేసినవాడు డబ్బు తీసుకుంటే తప్పా? (బరంపురం ఆసుపత్రి దగ్గర జరిగింది)

బరంపురం_బట్టలకొట్టు | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో బట్టలకొట్టులో పని చేస్తాను. మంగళవారం నాకు సెలవు. ఆ రోజు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్తుంటాను. సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి రైలెక్కి వచ్చే మనవాళ్లలో చాలామందికి ఒడియా రాదు. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఏ గదికి వెళ్లాలో తెలీక వరండాలోనే నిలబడిపోతారు. వాళ్లతో పాటు లైన్లో నిలబడతాను. డాక్టరుగారు అడిగింది తెలుగులో చెప్తాను, వీళ్లు చెప్పింది ఒడియాలో చెప్తాను. రెండేళ్లుగా ఇదే పని.

ఈరోజు ఒక మామ్మ దొరికింది. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఎప్పటి నుంచి అని డాక్టరుగారు అడిగితే, "సంకురాత్రికి బియ్యం దంచినప్పటి నుంచీ" అంది. అది ఎన్ని నెలలో లెక్కేసి చెప్పాను. రక్తపరీక్ష గదికి, మందుల కిటికీకి, మళ్లీ డాక్టరు దగ్గరికి తిరిగాం. మధ్యలో తన కోడలి గురించి, జీడితోట గురించి ఒకటే కబుర్లు.

ఒంటిగంటకి గేటు దగ్గరికి వచ్చాక కొంగు ముడి విప్పింది. అందులో రైలు టికెట్టు, నాలుగు మడతలు పెట్టిన ఇరవై రూపాయల నోటు. నోటు నా చేతిలో పెట్టింది. "వద్దు మామ్మా" అని తిరిగి ఆవిడ గుప్పిట్లోనే పెట్టి మూసేశాను. మళ్లీ ఇచ్చింది. మళ్లీ మూసేశాను. మూడోసారి ఇవ్వలేదు. నా మొహం కూడా చూడకుండా రోడ్డు దాటి వెళ్లిపోయింది.

సెలవురోజు ఇంటికొచ్చేటప్పుడు మనసు ఎంత తేలిగ్గా ఉండేదో. ఈరోజు అన్నం సయించలేదు. నేను చేసింది తప్పా?

రాయగడ_గూడ్స్‌గార్డు | రాత్రి 10:05

తమ్ముడూ, నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నిద్రపో.

నాకు పదకొండేళ్లప్పుడు మా అమ్మకి ఒంట్లో బాగాలేక ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాన్న లేరు. అమ్మకి ఒడియా ముక్క రాదు. ఒకాయన వచ్చి "అమ్మా, నేనున్నాను" అని చీటీ రాయించాడు, బెంచీ చూపించాడు, నాకు బిస్కెట్టు కూడా కొనిచ్చాడు. దేవుడు పంపించాడు అనుకుంది అమ్మ. సాయంత్రం అయిదు వందలు అడిగాడు. లేవంటే రిపోర్టుల కవరు చంకలో పెట్టుకుని కదల్లేదు. అమ్మ చెవి దుద్దులు తీసి ఇచ్చింది. ఆ బిస్కెట్టు రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది, చేదుగా.

సాయం చేసే చేతిలో రూపాయి పడిందా, అది బేరం అయిపోతుంది. ఇవాళ ఇరవై, రేపు యాభై. నిన్ను చూసి ఇంకొకడు వచ్చి నిలబడతాడు. బ్రోకర్లందరూ అలా మొదలైనవాళ్లే.

జయపురం_కాఫీ | రాత్రి 10:12

ఇరవై రూపాయలేగా. తీసుకుని గుడి హుండీలో వేసేస్తే పోయేది.

ఛత్రపురం_గుమాస్తా | రాత్రి 10:31

ఓపీ చీటీలో మామ్మ పేరు ఒడియాలో రాశారా, ఇంగ్లీషులోనా? ఆధార్ కార్డులో ఉన్నట్టే పడిందా? మన పేర్లు ఒడియాలో వాళ్ల ఉచ్చారణ ప్రకారం రాస్తారు, అకారం ఉన్నచోట ఒకారం పలుకుతారు కదా. తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు వేరే మనిషి పేరైపోతుంది. చూసుకోండి.

పర్లాకిమిడి_అప్ప | రాత్రి 10:50

బాబూ, నువ్వు మంచి పని చేస్తున్నావు, అందులో రెండో మాట లేదు. కానీ ఆ నోటు నువ్వు తీసుకోవాల్సింది.

పక్కింటివాళ్లు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తామా? ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి పంపుతాం. అది కూర ఖరీదని ఎవరైనా అనుకుంటారా? నేనూ ఇవ్వగలను, నేనూ నీతో సమానమే అని చెప్పడం అది. మామ్మ పొద్దుటి నుంచి నీ వెనకాలే నడిచింది. ఎటు తిప్పితే అటు తిరిగింది. ఆ రోజు మొత్తం మీద తన ఇష్టప్రకారం చేసిన పని ఆ కొంగు ముడి విప్పడం ఒక్కటే. దాన్ని రెండుసార్లు మూసేశావు.

రాయగడ_గూడ్స్‌గార్డు | రాత్రి 11:02

అప్పగారూ, కూర గిన్నె వేరు, ఆసుపత్రి వేరు. పక్కింటావిడకి మీరు తెలుసు. ఆసుపత్రిలో ఒంటరిగా వచ్చిన ముసలావిడకి ఎవడు మంచివాడో ఎవడు దొంగో తెలీదు. డబ్బు తీసుకోనివాడు మంచివాడు అన్న ఒక్క గుర్తయినా మిగలాలి కదా. దాన్ని కూడా చెరిపేస్తారా?

పైగా ఆ ఇరవై ఆవిడ దారి ఖర్చేమో. స్టేషన్లో దిగి ఊరికి ఆటో ఎక్కాలి.

గుణుపురం_మాస్టారు | బుధవారం, ఉదయం 6:20

రాత్రి చదివాను. బాబు మనసు తేలిగ్గా ఉంటుందన్నాడే, దాని గురించి నాకు తెలిసింది రాస్తాను. 2008లో సైన్స్ పత్రికలో ఎలిజబెత్ డన్, ఆమె తోటివాళ్లు ఒక ప్రయోగం ప్రచురించారు. కెనడాలో 46 మందికి పొద్దున్నే కవర్లలో 5 డాలర్లో 20 డాలర్లో పెట్టి ఇచ్చారు. సాయంత్రం 5 లోపు ఖర్చుపెట్టాలి, కొందరు తమకోసం, కొందరు ఇతరుల కోసం. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారు. 5 అయినా 20 అయినా పెద్ద తేడా లేదు.

అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ఇంకొకటి ప్రచురించారు. చలికాలంలో చికాగోలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట కొందరి చేత తెలియనివాళ్లకి వేడి చాక్లెట్ ఇప్పించారు. ఇచ్చినవాళ్లు "ఏముంది, ఒక కప్పేగా" అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్లకి అది అంతకంటే చాలా పెద్దదిగా అనిపించింది.

కాబట్టి బాబూ, నీ సాయం నువ్వు అనుకున్నదానికంటే పెద్దది. మామ్మ కూడా అంత పెద్దదనుకునే ఆ ముడి విప్పి ఉంటుంది.

రాయగడ_గూడ్స్‌గార్డు | ఉదయం 7:15

మాస్టారూ, మీరు చెప్పింది నా మాటే. ఇస్తేనే సంతోషం. తీసుకుంటే ఎక్కడిది?

పర్లాకిమిడి_అప్ప | ఉదయం 7:40

అదే నేనూ అడుగుతున్నాను. ఇస్తేనే సంతోషం అయితే, ఆ సంతోషం మామ్మకి అక్కర్లేదా? అంతా బాబే ఉంచుకోవాలా?

ఇచ్ఛాపురం_ఉదయం_బండి | ఉదయం 8:02

మా అమ్మ కూడా ఆ ఆసుపత్రికే వస్తుంది. నువ్వెవరో గానీ బాబూ, చల్లగా ఉండు.

రాయగడ_గూడ్స్‌గార్డు | ఉదయం 8:30

మాటలు బాగుంటాయి అప్పగారూ. మీరెప్పుడైనా పరాయివాళ్ల చెయ్యి చూడాల్సి వచ్చిందా? మా అమ్మ చూసింది. అందుకే చెప్తున్నాను.

పర్లాకిమిడి_అప్ప | ఉదయం 11:25

వచ్చింది. వద్దనుకున్నాను గానీ చెప్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో వానలకి కొండలు కూడా విరిగిపడ్డాయి. మా వంట గదిలోకి నీళ్లొచ్చాయి, బియ్యం డబ్బా తేలింది. రెండు రోజులకి ఎవరో ఒక సంఘం వాళ్లు పొట్లాలు తెచ్చారు. అయిదు కిలోల బియ్యం, పప్పు, కొవ్వొత్తులు. మంచివాళ్లే. మోకాలిలోతు నీళ్లలో నడిచి వచ్చారు. కానీ పొట్లం ఇచ్చేటప్పుడు రెండో చివర వాళ్లు పట్టుకుని ఫోటో అయ్యేదాకా వదల్లేదు. మా నాన్న రిటైరైన డ్రిల్లు మాస్టారు. "ఇటు చూడండి తాతగారూ" అన్నారు. చూశారు.

ఇంట్లోకి వచ్చి, చెట్టున మిగిలిన నాలుగు కొబ్బరికాయలు తీసి వాళ్లకి ఇచ్చి రమ్మని నన్ను పంపారు. వాళ్లు నవ్వి, "వద్దమ్మా, మీరే కష్టంలో ఉన్నారు" అని తీసుకోలేదు. నేను కాయలతో తిరిగొస్తుంటే నాన్న అరుగు మీంచి చూశారు. ఆ బియ్యం మేం తిన్నాం. నాన్న మాత్రం ఆ రాత్రి తినలేదు. ఆకలి లేదన్నారు.

ఫోటో గురించి ఆయన ఒక్కసారి కూడా అనలేదు. కొబ్బరికాయల గురించి పోయేదాకా అంటూనే ఉన్నారు.

రాయగడ_గూడ్స్‌గార్డు | ఉదయం 11:50

క్షమించండి, కానీ అది మీ నాన్నగారి అహం. ఆకలేసినప్పుడు పెట్టినవాళ్ల మీద కోపం ఏమిటి? వాళ్లు ఆ నాలుగు కాయలు మోసుకుంటూ నీళ్లలో తిరగాలా? దానికోసం ఆ పిల్లల్ని ఇన్నేళ్లు తప్పుపట్టడం న్యాయం కాదు.

జయపురం_కాఫీ | మధ్యాహ్నం 12:04

అన్నా, ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఛత్రపురం_గుమాస్తా | మధ్యాహ్నం 12:10

పెద్దాయన గురించి అలా అనకూడదు. బాబూ, చీటీ ఫోటో ఉంటే పేరు చూసి చెప్పండి. మొదటిసారే దిద్దించకపోతే తర్వాత అఫిడవిట్ అంటారు.

పర్లాకిమిడి_అప్ప | మధ్యాహ్నం 12:40

అహం అన్నారు కదా. నలభై ఏళ్లు పిల్లలకి నిటారుగా నిలబడటం నేర్పిన మనిషికి అహం ఉండదా? ఉండకూడదా? వరదలో ఇంట్లో సామానంతా పోయింది, అదొక్కటే మిగిలింది. మీరు దాన్ని కూడా అడుగుతున్నారు.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. మీరు డబ్బు దగ్గరే ఆగిపోయారు. నేను మాట్లాడుతున్నది డబ్బు గురించి కాదు. ఇచ్చినవాడు "నాకేమీ వద్దు" అని చేతులు దులుపుకుని వెళ్లిపోతే, వాడికి మంచితనం మిగులుతుంది, పుచ్చుకున్నవాడికి అప్పు మిగులుతుంది. ఆ అప్పు తీర్చుకునే దారి కూడా మూసేస్తే ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

మీ అమ్మగారి దుద్దులు లాక్కున్నవాడు దొంగ. అందులో మీకూ నాకూ తేడా లేదు. కానీ వాడు మీ అమ్మని ఇవ్వమని బలవంతం చేశాడు. మామ్మ తనంతట తాను ఇచ్చింది. రెండూ ఒకటే అంటే నేనొప్పుకోను.

గుణుపురం_మాస్టారు | మధ్యాహ్నం 2:15

అప్పగారు చెప్పిందానికి దగ్గరగా ఒక సంగతి ఉంది. నయల్ బోల్జర్, తోటి పరిశోధకులు 2000లో ప్రచురించారు. న్యూయార్క్‌లో లాయరు పరీక్షకి చదివేవాళ్లు, వాళ్లతో కాపురం చేసేవాళ్లు ఇద్దరి చేతా రోజూ డైరీ రాయించారు. "ఈరోజు సాయం చేశాను" అని ఒకరు రాసి, రెండోవాళ్లకి అది సాయమని తోచనే లేని రోజుల్లో పరీక్ష రాసేవాళ్ల దిగులు తగ్గింది. సాయం అందిందని తెలిసిన రోజుల్లో అంత మేలు కనపడలేదు. సాయం పొందుతున్నానని తెలియడం కూడా మనిషికి బరువే.

మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. అంతకుముందు సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు రాశారు. నేర్పినవాడే శిష్యుడు కూడా. ఆ సవరలు ఆయన ముందు తల దించుకుని కూర్చుని ఉంటారని నేననుకోను.

రాయగడ_గూడ్స్‌గార్డు | రాత్రి 8:55

డ్యూటీలో ఉండి ఇప్పుడే చూశాను. అప్పగారూ, మీ నాన్నగారిని అన్నమాట తప్పు. మనస్ఫూర్తిగా క్షమాపణ.

బండిలో ఒక్కణ్నే కూర్చుని ఆలోచించాను. ఆ రోజు తర్వాత మా అమ్మ ఎవరి సాయమూ తీసుకోలేదు. నాకు మొదటి జీతం వచ్చినప్పుడు చీర కొంటే, "నీకెంత అయింది" అని అడిగి ఆ డబ్బు నా జేబులో పెట్టేది. నేను తీసేవాణ్ని, ఆవిడ పెట్టేది. కొడుకుని కదా, నాకు కూడా బాకీ పడకూడదనుకుందే అని చాలా బాధపడేవాణ్ని. అంటే అటువైపు నేనూ నిలబడ్డాను. ఇచ్చింది పుచ్చుకోకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ అది వేరే విషయం అనుకున్నాను.

అయినా ఆసుపత్రి గేటు దగ్గర డబ్బు మాత్రం వద్దు. ఆ మాట మీద నేనుంటాను. చూసేవాళ్లకి నువ్వెవరో తెలీదు తమ్ముడూ.

పర్లాకిమిడి_అప్ప | రాత్రి 9:10

సరే బాబూ. క్షమాపణ అందింది. అమ్మగారి చీర మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

బరంపురం_బట్టలకొట్టు | రాత్రి 9:45

అందరూ పెద్దవాళ్లు, అన్నీ చదివాను. నాకు ఇప్పుడు తోచింది చెప్తాను. నేను వద్దన్నప్పుడు మామ్మ గురించి ఆలోచించలేదు. పక్కన మందుల కిటికీ దగ్గర జనం చూస్తున్నారు, డబ్బులు తీసుకుంటున్నాననుకుంటారని టెన్షన్ పడ్డాను. అందుకే అంత గబగబా గుప్పిట మూసేశాను. మెల్లగా చెప్పి ఉండొచ్చు.

మామ్మని రిపోర్టులు తీసుకుని వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నారు. అప్పుడేం చెయ్యాలి?

పర్లాకిమిడి_అప్ప | రాత్రి 9:52

నువ్వే అడుగు. "మామ్మా, నిలబడి నిలబడి నీరసంగా ఉంది, ఒక టీ తాగించవా" అను. డబ్బులు ఆవిడే ఇస్తుంది. నువ్వు జేబులో చెయ్యి పెట్టకు.

రాయగడ_గూడ్స్‌గార్డు | రాత్రి 9:58

టీ అయితే సరే. గేటు బయట తాగండి.

ఛత్రపురం_గుమాస్తా | రాత్రి 10:03

చీటీ?

బరంపురం_బట్టలకొట్టు | రాత్రి 10:20

ఇప్పుడే ఫోన్లో చూశాను సార్. మీరన్నట్టే అయింది. ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది, వయసు కూడా పదేళ్లు తక్కువ పడింది. మంగళవారం మామ్మ రాగానే మొదట అది దిద్దిస్తాను, తర్వాతే టీ.