విద్యార్థి సంఘంలో పదవులు ఏడాదికా, వంతులవారీగానా?

సభాసారథి:
ముప్పై మంది ఉన్న సంఘం అనుకుందాం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఏడాదికోసారి ఎన్నికవుతారు. ఆ ముగ్గురికీ మాట్లాడటం అలవాటవుతుంది, మిగతా ఇరవై ఏడుగురికీ చప్పట్లు కొట్టడం అలవాటవుతుంది. అసలు పోటీకి దిగేదే అప్పటికే ధైర్యం ఉన్నవాళ్లు. తర్వాత వాళ్లనే చూపించి, సంఘం వల్ల ఎంత ఎదిగారో చూడండి అంటాం. పదవులు ఎత్తేసి, పనులన్నీ వారానికొకరికి తిప్పాలని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

పద్దులపుస్తకం:
కాదనే అంటాను. వారం వారం తిప్పితే తిలా పాపం తలా పిడికెడు. ఓ మోస్తరు కార్యక్రమానికే ఆరేడు వారాల పని ఉంటుంది: హాలు అనుమతి, వక్తను ఒప్పించడం, ఖర్చు అంచనా, ప్రచారం. హాలు అడిగింది ఒకరు, వక్తతో మాట్లాడింది ఇంకొకరు అయితే, ఆ రోజు పొద్దున తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేరు. పోస్టరు చేస్తానన్నవాడు గురువారం దాకా చేయలేదు. వాడికి ఫోన్ చేసి ఏమనాలి? నాయకత్వం నేర్పేది ఆ ఫోనే. వారంలో దిగిపోయేవాడికి ఆ అవసరమే రాదు. ఇక డబ్బంటారా, వారానికో చేయి మారితే నెలాఖరుకు రసీదులకూ నిల్వకూ పొంతన కుదరదు.

మూడోబెంచీ:
ఇద్దరూ రెండు వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. సమావేశంలో పాత్రలు వేరు, సంఘం బాధ్యతలు వేరు. మొదటివి తిప్పాలి, రెండోవి నిలపాలి. సభలో మాట్లాడటం సాధన చేయించే, 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో జరిగేది అదే. సమయం చూసేవారు, మాట తడబడినప్పుడు దొర్లే "అ...ఆ..."లు లెక్కపెట్టేవారు సమావేశానికొకరు. అధ్యక్షుడు, కోశాధికారి మాత్రం ఆరు నెలలో ఏడాదో ఉంటారు.

బిడియస్తులకు మొదట సమయం చూసే పని ఇవ్వండి. 5-7 నిమిషాల ప్రసంగమైతే 5 దగ్గర పచ్చ కార్డు, 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఎరుపు. చివర్లో లేచి ఎవరు ఎంతసేపు మాట్లాడారో చదివితే సరి. సొంత అభిప్రాయం అక్కర్లేదు కాబట్టి తప్పు పోతుందన్న భయం ఉండదు, అయినా అందరి ముందూ నిలబడ్డట్టే. రెండుసార్లయ్యాక మినిట్స్ రాయడం: ఏం నిర్ణయించాం, ఎవరు చేయాలి, ఏ తేదీకి. మూడు గడులు చాలు. తర్వాత ఎజెండాలో ఒక్క అంశం, పది నిమిషాలు. ఆపైనే పూర్తి సమావేశం. ధైర్యం చెప్పడం కన్నా సొంతంగా చేసి గెలిచిన పనే నమ్మకాన్ని ఎక్కువ పెంచుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే అన్నాడు. మనం "నువ్వు చేయగలవు రా" అని వీపు తట్టి నేరుగా స్టేజీ ఎక్కిస్తాం!

సభాసారథి:
సరేనండీ, డబ్బు విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ మొదటిసారి సమావేశం నడిపేవాళ్లు "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అనగానే హాలంతా నిశ్శబ్దం. అక్కడే జావగారిపోతారు. మెట్లు ఎన్ని కట్టినా ఆ ఘట్టం తప్పదు కదా?

మూడోబెంచీ:
ప్రశ్నలోనే తప్పుంది. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. "ప్రచారానికి రెండు వారాలు సరిపోతాయా?" అని పోయినసారి ప్రచారం చూసిన మనిషిని పేరు పెట్టి అడగాలి. అడిగాక మనసులో ఏడు దాకా లెక్కపెట్టాలి. కొత్తవాళ్లు రెండు దగ్గరే కంగారుపడి జవాబు తామే చెప్పేస్తారు. ఎజెండా మూడు రోజుల ముందే పంపి, ప్రతి అంశం పక్కన తేలాల్సిందేమిటో రాస్తే సగం నిశ్శబ్దం ముందే పోతుంది. సమావేశం అయ్యాక "బాగా చేశావు" అనొద్దు, అది దేనికీ పనికిరాదు. "మూడో అంశంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆపలేదు, ఈసారి చేయెత్తి వరస చెప్పు" అనండి.

పద్దులపుస్తకం:
ఈ విభజన నాకు సమ్మతమే, ఒక షరతు మీద. పదవి ఆరు నెలలు, ప్రతి పదవికీ మొదటి రోజు నుంచే ఒక ఉప, అంటే పక్కనుండే సహాయకుడు. పద్దు ఉప రాయాలి, కోశాధికారి రసీదుతో సరిచూడాలి. దిగేముందు రెండు వారాలు పాత, కొత్త ఇద్దరూ కలిసి పనిచేయాలి. అధ్యక్షుడు ఎలా చేస్తున్నాడో తెలియాలంటే ఆ మినిట్స్‌లో "ఎవరు" గడి చూడండి. సగం చోట్ల ఆయన పేరే ఉంటే నాయకుడు కాదు, కూలీ. చెప్పి చేయించడం కన్నా తానే చేస్తే త్వరగా అవుతుందని మొదలుపెట్టి అందులోనే కూరుకుపోతాడు.

సభాసారథి:
అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది: ఆ పదవికి నిలబడేదెవరు? రెండు సమావేశాలు నడిపినవాళ్లకే పోటీ అర్హత అని నియమం పెడదాం.

పద్దులపుస్తకం:
పెట్టారంటే ఎన్నికల ముందు నెలలో అందరూ సమావేశాలకు ఎగబడి, ముందూ వెనకా కనబడరు. నియమం వద్దు. ఉపగా ఎవరిని తీసుకోవాలో అక్కడ జాగ్రత్తపడండి, ఆ పనికి ఎన్నిక పెట్టకుండా నేరుగా అడగండి.

సభాసారథి:
నేరుగా అడిగితే స్నేహితుల్నే అడుగుతారు కదండీ. అందుకే నియమం కావాలంటున్నది. ఎగబడతారంటారా, సమావేశం నడిపే వంతుల పట్టిక ఏడాది మొదట్లోనే చీటీలు తీసి ఖాయం చేస్తే సరి.